ఏనుగులు ఎక్కువైన నది కాదు, చోటు తక్కువైన నది

మొన్న మా పాత టీమ్ వాట్సాప్ గుంపులో ఒక మిత్రుడు రెండొందల ఫొటోలు కుమ్మరించాడు. బోర్నియో దీవిలో కినబతాంగన్ నది మీద మూడు రోజుల పడవ షికారు. ఏనుగులు, ఒరాంగుటాన్లు, పొడుగు ముక్కు కోతులు, మొసళ్ళు, హార్న్‌బిల్ పక్షులు, ఒకటేమిటి! కింద ఒక వ్యాఖ్య కూడా తగిలించాడు: "మనిషి చెయ్యి పడని అడవి. గంటలో ఇన్ని జంతువులు కనపడ్డాయంటే అడవికేం ఢోకా లేదు. ఈ పర్యావరణం వాళ్ళ గోలంతా అతి." దాని కింద ముప్ఫై బొటనవేళ్ళు.

ముప్ఫై ఒకటోది మాత్రం నాది కాదు.

ఎందుకంటే పోయినేడాది నేనూ అదే నది మీద, అలాంటి పడవలోనే తిరిగొచ్చాను. నేను చూసినవీ ఆ జంతువులే. కానీ మావాడు చేసిన లెక్క సరిగ్గా తలకిందులుగా ఉంది. ఆ నది ఒడ్డున అన్ని జంతువులు కనపడటం అడవి బాగుందనడానికి సాక్ష్యం కాదు. చాలా మటుకు, అడవి మిగల్లేదనడానికి సాక్ష్యం. గుంపులో ఈ మాట అనగానే "నీకెప్పుడూ నెగెటివేరా" అని కొట్టిపారేశారు. సరే, ఇక్కడ మధ్యలో అడ్డొచ్చేవాళ్ళు లేరు కాబట్టి మొత్తం చెప్పేస్తాను. తిట్టదలుచుకున్నవాళ్ళు చివరిదాకా చదివి తిట్టండి.

ముందు నది సంగతి. బోర్నియో ఉత్తరపు కొసన మలేసియాకి చెందిన సబా రాష్ట్రం ఉంది. కినబతాంగన్ దాని నైరుతి కొండల్లో పుట్టి, తూర్పుకి తిరిగి, సులు సముద్రంలో కలుస్తుంది. పొడవు 560 కిలోమీటర్లు. సబాలో ఇదే పెద్ద నది, మలేసియా మొత్తం మీద రజాంగ్ తర్వాత రెండోది. పరీవాహక ప్రాంతం సుమారు 16,800 చదరపు కిలోమీటర్లు, అంటే రాష్ట్రంలో నాలుగో వంతుకి కాస్త తక్కువ. మన గోదావరి పక్కన పెడితే ఇది పిల్లకాలవే అనుకోండి. కానీ అసలు కథ పొడవులో లేదు, పల్లంలో ఉంది.

కొండలు దిగాక ఈ నదికి వాలు దాదాపు ఉండదు. తొందర లేని మనిషిలాగా వంకలు తిరుగుతూ నడుస్తుంది. కొన్నేళ్ళకి ఒక వంక మెడ దగ్గర తెగిపోయి, నది నేరుగా వెళ్ళిపోతుంది. తెగిన వంక అర్ధచంద్రాకారంలో చెరువుగా మిగిలిపోతుంది. అక్కడ వాటిని దనౌ అంటారు. చేపలకి, పాముపక్షులకి, మొసళ్ళకి అవే ఇళ్ళు. నవంబరు నుంచి మార్చి దాకా ఈశాన్య రుతుపవనాల వానలకి నది గట్టు దాటి పొంగుతుంది. ఆ నీళ్ళలో నిలబడి బతికే అడవి ఒక రకం, కాస్త మెరక మీద పెద్ద పెద్ద చెట్ల అడవి ఇంకో రకం, మధ్యమధ్య సున్నపురాతి గుట్టలు, సముద్రం దగ్గర పడేకొద్దీ నీపా తాటి, ఆ తర్వాత మడ అడవులు. ఇన్ని రకాల అడవి ఒకదాని పక్కన ఒకటి ఉండబట్టే ఇక్కడ పది జాతుల కోతులూ వానరాలూ, బోర్నియోలో ఉన్న ఎనిమిది రకాల హార్న్‌బిల్ పక్షులూ ఒకే నది వెంట కనపడతాయి. నది ఒడ్డు ఊళ్ళవాళ్ళ పేరే ఒరాంగ్ సుంగై. అంటే నదీ జనం అని అర్థం.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా పట్టుకోవాలి. ఉష్ణమండలంలో పల్లపు నేలే జంతువులకి అసలైన ఆస్తి. పండ్ల చెట్లు, మేడి జాతి చెట్లు, గడ్డి, నీళ్ళు అక్కడే ఎక్కువ. ఎత్తుకి పోయేకొద్దీ ఒరాంగుటాన్‌కి తిండి తగ్గిపోతుంది. ఏనుగుకైతే నిటారు కొండ మీద పనే లేదు. ఇబ్బందేమిటంటే ట్రాక్టరుకీ, రోడ్డుకీ, తోటకీ కావలసింది కూడా సరిగ్గా ఆ చదును నేలే. ప్రపంచంలో చాలా దేశాలు "అభయారణ్యం" అని బోర్డు పెట్టి గర్వంగా చూపించేది ఎక్కువగా ఎవరికీ పనికిరాని కొండనే. అందరికీ పనికొచ్చే పల్లాన్ని మాత్రం ముందే అమ్మేసుకుంటాయి.

కినబతాంగన్‌లో జరిగిందీ అదే. 1950ల నుంచి పెద్ద చెట్లు కలపకి పోయాయి. నరికిన అడవి మళ్ళీ లేచేదే. ఒరాంగుటాన్లు అలాంటి అడవిలో కూడా సర్దుకుని బతుకుతాయని ఇదే నది మీద పనిచేసే పరిశోధకులు చూపించారు. కానీ ఆ వెనకే ఆయిల్ పామ్ వచ్చింది. ఈ చెట్టు పశ్చిమ ఆఫ్రికాది. మలేసియాలో దీనికి పరాగం మోసే పురుగు లేక చాలాచోట్ల మనుషులు చేత్తో చెయ్యాల్సి వచ్చేది. 1981లో కామెరూన్ నుంచి ఒక చిన్న ముక్కుపురుగుని తెచ్చి వదిలారు. ఆ బోడి పురుగుతో దిగుబడి లెక్కలే మారిపోయాయి. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో నదికి రెండు పక్కలా అడవి ఎలా కరిగిపోయిందో చూడాలంటే విమానం ఎక్కక్కర్లేదు. గూగుల్ మ్యాప్స్ తెరిచి, సుకౌ అని కొట్టి, శాటిలైట్ బొమ్మ పెట్టండి. ఎక్సెల్ షీటులాగా గళ్ళు గళ్ళుగా కనపడేదంతా తోట. నది వెంట చిరిగిన రిబ్బన్‌లాగా ముదురాకుపచ్చగా ఉన్నది అడవి. కొన్నిచోట్ల ఆ రిబ్బన్ వెడల్పు కొన్ని వందల మీటర్లు. కొన్నిచోట్ల పదుల్లోనే. ఇంకొన్నిచోట్ల అదీ లేదు, తోట తిన్నగా నీళ్ళ దాకా వచ్చేసింది.

2005లో సబా ప్రభుత్వం దీన్ని దిగువ కినబతాంగన్ వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. సంతోషమే. విస్తీర్ణం సుమారు 26,000 హెక్టార్లు, అంటే 260 చదరపు కిలోమీటర్లు. మన కొల్లేరు అభయారణ్యం కాగితం మీద 308. దానికన్నా చిన్నదన్నమాట. పైగా అది ఒకటే ముక్క కాదు, పది ముక్కలు. ఏనుగుల మంద ఈ ముక్క నుంచి ఆ ముక్కకి పోవాలంటే మధ్యలో తోటలు, కందకాలు, కరెంటు కంచెలు, ఊళ్ళు, హైవే.

ఇప్పుడు మావాడి ఫొటోల దగ్గరికి వద్దాం. మనవాళ్ళకి మన భాషలోనే చెబుతాను. పది సర్వర్లు నడుస్తున్నాయి. తొమ్మిది పడిపోయాయి. మొత్తం ట్రాఫిక్ మిగిలిన ఒక్కదాని మీదకి వచ్చి పడింది. దాని గ్రాఫ్ నెత్తికెక్కి కూచుంది. ఆ ఒక్క గ్రాఫే చూసి "ఆహా, మన సైటుకి ఏం గిరాకీ!" అని మేనేజర్‌కి మెయిల్ కొడతామా? కొడితే మర్నాడు మన సీట్లో మనం ఉంటామా? పడవలోంచి చూసేది సరిగ్గా ఆ పదో సర్వర్‌నే. వెనక తొమ్మిది ఎప్పుడో పడిపోయాయి. అవి మన తెర మీద కనపడవు, అంతే.

నేనేదో తెలివైనవాణ్ణని చెప్పుకోవటం లేదు. మొదటి రోజు సాయంత్రం నేనూ నోరు తెరుచుకునే చూశాను. ఒక వంక తిరగగానే ఒడ్డున పద్నాలుగు ఏనుగులు, గడ్డి పీక్కుని, నీళ్ళలో ఝాడించి, మట్టి పోగొట్టుకుని తింటున్నాయి. ఆసియా ఏనుగుల్లో ఇవి పొట్టివి, తోకలు పొడుగు, ముఖాలు పిల్లల్లా గుండ్రంగా ఉంటాయి. పక్కన ఇంకో ఆరు పడవలు. నేను ఉత్సాహం పట్టలేక పడవ నడిపే ఆయన్ని అడిగాను, "ఎప్పుడూ ఇంత సులువుగా కనపడతాయా?" అని. పెద్దాయన, ఒరాంగ్ సుంగై మనిషి. ఇంజను ఆపి, ఏనుగుల వెనకాల ఉన్న చెట్ల వరస వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "వాటి వెనక తోట. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ కనపడతాయి?" అన్నాడు. ఆయన చిన్నప్పుడు ఏనుగుని చూడాలంటే అడవిలోకి నడిచి పోవాల్సి వచ్చేదట. ఇప్పుడు పడవలో కూచుని టీ తాగుతూ చూడొచ్చు. ఎవరు ఎవరి దగ్గరికి వచ్చినట్టు?

నిజం మొత్తం చెప్పాలి కాబట్టి ఇదీ చెబుతాను. కనపడిన ప్రతి జంతువూ తరిమితే వచ్చినదే అంటే అబద్ధం. పొడుగు ముక్కు కోతి ఎప్పుడూ నది మనిషే. పగలంతా లోపల ఆకులు మేసినా, చీకటి పడే వేళకి నీళ్ళ పక్క చెట్టెక్కి పడుకోవటం దాని అలవాటు. చిరుతల్లాంటి వేటగాళ్ళు ఒక పక్క నుంచి రాలేవు కదా. కాలివేళ్ళ మధ్య పల్చటి చర్మం ఉంటుంది, ఈత బ్రహ్మాండంగా కొడుతుంది. కాబట్టి దాన్ని ఒడ్డున చూస్తే ఆశ్చర్యం లేదు. ఏనుగుల సంగతి అలా కాదు. ఎప్పుడూ నది వెంట తిరిగినా వాటికి పక్కకి పోయే దారి ఉండేది. ఇప్పుడు ఆ పక్క లేదు. తోటలోకి పోయి లేత ఆయిల్ పామ్ మొవ్వు పీకి తింటే మనుషులతో తగువు. బోర్నియో ఏనుగులు మొత్తం సుమారు వెయ్యి మిగిలాయని 2024లో ఐయూసీఎన్ వాటిని విడిగా లెక్కగట్టి, అంతరించే ప్రమాదమున్న జాబితాలో పెట్టింది. వెయ్యి! మన ఐటీ పార్కులో ఒక భవనంలో లిఫ్టు కోసం అంతకన్నా ఎక్కువమంది నిలబడతారు.

ఇక ఒరాంగుటాన్. అది బిడ్డకి బిడ్డకి మధ్య ఏడెనిమిదేళ్ళు ఎడం ఇస్తుంది. ఈత రాదు. పెద్ద చెట్లు ఉన్నన్నాళ్ళూ ఉపనదుల మీద కొమ్మ నుంచి కొమ్మకి దాటేది. ఒడ్డు చెట్లు పోయాక చిన్న కాలవ కూడా దానికి సముద్రమే. 1998 నుంచి అక్కడ పనిచేస్తున్న హుటాన్ అనే సంస్థవాళ్ళు కాలవల మీద తాళ్ళ వంతెనలు కట్టారు. ఒరాంగుటాన్ ఆ తాడు మీద దాటుతున్న మొదటి ఫొటో దొరికింది 2010లో. దాన్ని చూసి అందరూ మురిసిపోయారు. నాకు మాత్రం కడుపులో దేవినట్టయింది. అడవిలో పుట్టిన జీవికి అడవిలో తిరగటానికి తాడు కట్టాల్సిన రోజు వచ్చిందంటే అది ముచ్చట పడే విషయమా?

పైగా ఒరాంగుటాన్లు, ఏనుగులు దశాబ్దాలు బతికే జీవాలు. చోటు పోయిన రోజే చచ్చిపోవు. పిల్లలు తగ్గుతాయి, జతలు దొరకవు, ఒక తరం ముసలిదవుతుంది. అప్పటిదాకా పడవలోంచి చూసేవాళ్ళకి అంతా బాగున్నట్టే ఉంటుంది. మనం టెక్నికల్ డెట్ అంటామే, కోడ్ నడుస్తూనే ఉంటుంది, లోపల అప్పు పెరుగుతూనే ఉంటుంది, సరిగ్గా అలాంటిదే. జీవశాస్త్రంవాళ్ళూ దీన్ని అప్పు అనే అంటారు. ఆ అప్పు వసూలైన కేసు కూడా సబాలోనే ఉంది. టామ్ అనే మగ సుమత్రా ఖడ్గమృగం 2008లో ఒక ఆయిల్ పామ్ తోటలోకి నడిచొచ్చి పట్టుబడింది. 2019 మే నెలలో చనిపోయింది. అదే ఏడాది నవంబరు 23న ఇమాన్ అనే ఆడది పోయింది. దాంతో మలేసియాలో ఆ జాతి చరిత్ర ముగిసింది. తోటలో టామ్‌ని చూసినరోజు కూడా ఎవరో ఒకరు "చూశారా, ఇంకా ఉన్నాయి!" అనే ఉంటారు.

"అక్కడెక్కడో మారుమూల నది, మనకెందుకు?" అని కొందరు అడిగారు. మారుమూల! సండాకన్ ఊరి నుంచి సుకౌకి కారులో రెండున్నర, మూడు గంటలు. దారంతా రెండు పక్కలా ఒకటే చెట్టు. నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆ చెట్టు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. మాది జంగారెడ్డిగూడెం వైపు. మా బాబాయికి ఎనిమిదెకరాల పామాయిల్ తోట ఉంది. ఎకరాకి 57 మొక్కలు, మధ్యలో కోకో, పది పదిహేను రోజులకోసారి గెలలు నరకటం. నా ఇంజనీరింగ్ రెండేళ్ళ ఫీజు ఆ గెలల్లోంచే వచ్చింది. అంతకుముందు? రేషన్ షాపు పామాయిల్ ప్యాకెట్ గుర్తుందా? చలికాలంలో గడ్డకడితే అమ్మ ఎండలో పెట్టేది. ఆ నూనె మలేసియా నుంచో ఇండోనేసియా నుంచో ఓడలో వచ్చిందే. ఇప్పటికీ ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పామాయిల్ దిగుమతి చేసుకునేది మన దేశమే. ఈ మధ్య సంవత్సరాల్లో ఏడాదికి 75 లక్షల నుంచి కోటి టన్నుల దాకా. ఆఫీసు క్యాంటీన్ సమోసా, బండి మీద మిర్చి బజ్జీ, బిస్కెట్ ప్యాకెట్, ఒంటి సబ్బు, ఎక్కడ చూసినా అదే. ఆ నది మ్యాప్‌లో మారుమూలేమో గానీ, మన మూకుడికి పక్కవీధి.

ఇక్కడే నాకు రెండో రకం వాళ్ళ మీద కూడా కోపం వస్తుంది. "అయితే పామాయిల్ మానేద్దాం, హ్యాష్‌ట్యాగ్ పెట్టేద్దాం" అనేవాళ్ళు. అయ్యా, హెక్టారుకి ఏడాదికి ఆయిల్ పామ్ మూడు, నాలుగు టన్నుల నూనె ఇస్తుంది. సోయా ఇచ్చేది అర టన్ను. ఇది మానేసి అది వాడితే అంతే నూనెకి ఆరేడు రెట్లు నేల కావాలి. ఆ నేల ఎక్కడ్నుంచి వస్తుంది? ఇంకో ఖండంలో ఇంకో అడవి. ఇల్లు మారినంత మాత్రాన అప్పు తీరదు కదా.

మా బాబాయికి ఫోన్‌లో ఇదంతా చెబితే, "మరి మమ్మల్నేం చెయ్యమంటావురా? మేమేమైనా ఏనుగుల్ని తరిమి వేశామా?" అన్నాడు. లేదు బాబాయ్. నువ్వు వేసింది పొగాకు పండిన చేలో. నీ బోరు ఏటేటా లోతుకి పోతోంది, అది వేరే గొడవ, అదీ మాట్లాడుకోవాలి. కానీ సాగు నేలలో పంట మార్చటం వేరు, నిలువెత్తు అడవిని పంటగా మార్చటం వేరు. కినబతాంగన్ ఒడ్డున ఆ పని చేసింది ఎక్కువగా ఎనిమిదెకరాల రైతులు కాదు, వేల హెక్టార్ల కంపెనీలు. అక్కడ గెలలు నరికే కూలీల్లో ఎక్కువమంది ఇండోనేసియా, ఫిలిప్పీన్స్ నుంచి వలస వచ్చినవాళ్ళు. నదీ జనానికి దక్కింది చాలా తక్కువ. కాబట్టి "పేదవాళ్ళు బాగుపడొద్దా?" అన్న ప్రశ్న అడిగేముందు ఎవరు బాగుపడ్డారో కూడా అడగండి.

మరి ఏం చెయ్యాలి? నోబెల్ బహుమతి ఇచ్చే ఆలోచనలేం అక్కర్లేదు.

ఒకటి, ఉన్న చట్టం అమలు చెయ్యటం. సబా 1998 నాటి జలవనరుల చట్టం ప్రకారం మూడు మీటర్లకన్నా వెడల్పున్న నదికి గట్టు నుంచి 20 మీటర్లు వదలాలి. ఏనుగుల మందకి 20 మీటర్లు ఏ మూలకి? అయినా ఆ 20 కూడా లేని చోట్లు నేను కళ్ళతో చూశాను.

రెండు, వరదలో మునిగే పల్లాన్ని తిరిగి అడవికి వదలటం. అక్కడ లేత మొక్క వేస్తే నీళ్ళు నిలిచి చస్తుంది, మళ్ళీ వేస్తారు, మళ్ళీ చస్తుంది. కంపెనీకే నష్టం. నష్టపోతూ ఏనుగుల దారి మూసెయ్యటం ఏం తెలివి?

మూడు, ఆ పది ముక్కల్ని కలపటం. ఏనుగులకి కొత్తగా పార్కు కట్టక్కర్లేదు, ముక్కకీ ముక్కకీ మధ్య దారి ఇస్తే చాలు. ఇలాంటివి జరగవు అనేవాళ్ళకి సుకౌ వంతెన సంగతి చెప్పాలి. ఏనుగులు తిరిగే చోట నది మీద వంతెన, రోడ్డు వేద్దామనుకున్నారు. పరిశోధకులు, స్వచ్ఛంద సంస్థలు ఎదురు తిరిగారు, డేవిడ్ అటెన్‌బరో కూడా గొంతు కలిపాడు. 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అడిగితే జరుగుతుంది. అడవికి ఏ ఢోకా లేదని బొటనవేలు ఎత్తేవాళ్ళు మాత్రం ఏదీ అడగరు. నా అసలు గొడవ అదే.

నాలుగు, మన ఇంటి సంగతి. 2021లో కేంద్రం 11,040 కోట్లతో ఆయిల్ పామ్ మిషన్ పెట్టింది. అందులో ప్రత్యేకంగా గురిపెట్టినవి ఈశాన్య రాష్ట్రాలు, అండమాన్. దిగుమతి తగ్గించుకోవటం మంచిదే, మా బాబాయి లాంటివాళ్ళకి ఇంకా మంచిది. కానీ అడవి మీద చెయ్యి వేస్తే, ఇరవై ఏళ్ళ తర్వాత మన పిల్లలు అక్కడ పడవెక్కి "అబ్బ, ఎన్ని జంతువులో!" అని ఫొటోలు పెడతారు. అప్పుడూ ముప్ఫై బొటనవేళ్ళు పడతాయి.

పర్యాటకులు పోవద్దని కాదు. పోండి. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లో దిగండి, వాళ్ళ పడవలే ఎక్కండి, ఆ డబ్బు నదీ జనానికి చేరనివ్వండి. కాకపోతే చూసినదాన్ని సరిగ్గా చూసి రండి.

మిత్రుడికి ఒక చిన్న మనవి. నీ ఫొటోల్లో తల్లి ఏనుగు, పిల్ల నీళ్ళు తాగుతున్నది ఒకటుంది. అందరూ మెచ్చుకున్నారు, నిజంగా బాగుంది. దాన్ని పెద్దది చేసి, ఏనుగు వీపు పైన, చెట్ల సందులోంచి చూడు. ఒకే ఎత్తున, ఒకే దూరంలో, వరసగా ఈనెల్లాంటి ఆకులు కనపడతాయి. మా బాబాయి తోటలో చెట్లే అవి. నువ్వు చెయ్యి పడలేదన్న అడవి వెడల్పు, ఆ ఏనుగుకీ ఆ ఆకులకీ మధ్య ఉన్నంతే.

తా.క.: బాబాయి మొన్న మళ్ళీ ఫోన్ చేశాడు. "ఆ ఏనుగుల ఫొటో ఒకటి పంపరా, పిల్లలకి చూపిస్తాను" అన్నాడు. క్రాప్ చెయ్యకుండా పంపాను.